కాలవలు కట్టేసిన నెలలో ఉమ్మడి తరగతులు

ఏప్రిల్ రెండో సగంలో డెల్టా కాలవలు కట్టేస్తారు. ఊరి మంచినీళ్ళ చెరువు అప్పటికే నింపి పెట్టుకుంటారు. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలై కళ్ళాల్లో ధాన్యం రాశులు కనిపిస్తుంటాయి. బళ్ళకి సెలవులిచ్చిన వారం పది రోజులకి, సరిగ్గా ఆ ఎండల్లోనే ఉమ్మడి తరగతులు మొదలయ్యేవి. కోనసీమలో అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపూ, గోదావరి పాయ వశిష్ఠ దాటాక నరసాపురం, పాలకొల్లు వైపూ ఓపికున్న మాస్టార్లు నలుగురు ఎక్కడ కుదిరితే అక్కడ. ఒకచోట వేసవి శిబిరం అనేవారు, ఇంకోచోట సైన్సు క్యాంపు. తొమ్మిది పూర్తయి పదిలోకి వెళ్ళబోయే పిల్లల్ని జడ్పీ హైస్కూలు నుంచీ, కాన్వెంటు నుంచీ, గురుకులం నుంచీ, మునిసిపల్ స్కూలు నుంచీ, ఎయిడెడ్ బడి నుంచీ తీసుకొచ్చి పది రోజులు ఒకే పనిలో పెట్టడం అన్నిచోట్లా ఉన్నదే.

ఒకే బల్ల మీద కూర్చోబెట్టినంత మాత్రాన పిల్లలు కలవరని ఈ తరగతులు నడిపిన ప్రతి మాస్టారికీ తెలుసు. వరసగా పాఠాలు చెబితే పదో రోజు సాయంత్రానికి కూడా కాన్వెంటు పిల్లలు ఒక కిటికీ పక్కన, గురుకులం పిల్లలు ఇంకో కిటికీ పక్కన ఉంటారు. అవతలివాడి చెయ్యి పడకపోతే ఇవతలివాడి పని ఆగిపోయేలా పనిని అల్లితేనే కలుస్తారు. అప్పట్లో చేసిన ఏర్పాట్లన్నీ దీని చుట్టూనే తిరిగేవి. అవి ఎలా ఉండేవో, ఎక్కడ బెడిసికొట్టేవో గుర్తున్నవాళ్ళు ఇంకా ఉండగానే రాసి పెట్టాలనిపించింది.

ముందు ఎంపిక సంగతి. హెడ్మాస్టరు గారికి "మీ బడి నుంచి నలుగుర్ని పంపండి" అని ఉత్తరం రాస్తే మార్కుల రిజిస్టరు తీసి మొదటి నలుగుర్ని పంపించేవారు. అది వాళ్ళ తప్పు కాదు, అడిగిన తీరు అలాంటిది. అలా వచ్చిన పది బడుల ఫస్టు ర్యాంకులు ఒక గదిలో చేరితే మొదటి రోజు నుంచే పోటీ. అందుకే ఉత్తరంలో విడమర్చి రాయాల్సి వచ్చేది: ఒకరు బాగా చదివేవారు, ఒకరు క్లాసులో ఎక్కువ ప్రశ్నలు వేసేవారు, ఒకరు సైకిలో రేడియోనో విప్పి బిగించేవారు, ఇంకొకరు ఇంటి దగ్గర చేలోనో చెరువులోనో పడవ మీదో పని చేసేవారు. ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. ఇలా అడిగితే వచ్చే పిల్లలే వేరు. మూడో రకం పిల్లల్ని వెతకడానికి మాత్రం హెడ్మాస్టరుకి ఒక వారం టైమివ్వాలి. ఎవరు విప్పి బిగిస్తారో స్టాఫ్ రూంలో ఎవరికీ తెలియదు, క్లాసు పిల్లల్నే అడగాలి.

అమ్మాయిల్ని పంపించాలంటే తల్లిదండ్రులు మొదట అడిగేది ఇద్దరు మేడమ్‌లు రోజంతా ఉంటారా అని, తర్వాత తిరుగు బస్సు ఎన్నింటికని. ఈ రెండింటికీ జవాబు ఉత్తరంలోనే ఉండాలి. గోదావరి మధ్య లంక ఊళ్ళ పిల్లలకైతే పంటు, అంటే ఏరు దాటించే పడవ, టైము చూసుకోవాలి. మొదటి పంటు ఆరున్నరకి ఒడ్డుకొస్తే ఆరింటికి తరగతి పెట్టడమంటే లంక పిల్లల్ని రావద్దని చెప్పడమే. ఏడింటికి మొదలుపెట్టి పదకొండుకి బయటి పని ఆపేసి, నీడపట్టున లెక్కలూ రాతపనీ చేయించి, నాలుగు దాటాక మళ్ళీ గంటన్నర బయటికి తీసుకెళ్ళేవారు. మే నెలలో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా పిల్లల్ని గట్టు మీద నిలబెట్టకూడదు. సూర్యుడి నీడ కొలిచే ఒక్కరోజుకి మాత్రం మినహాయింపు, దాని సంగతి తర్వాత చెబుతాను.

చాపలు పరిచి కింద కూర్చోబెట్టేవారు. బల్లలు తక్కువై కాదు, చెప్పులూ బూట్లూ వరండాలోనే ఉండిపోతాయని. యూనిఫాం వద్దని ముందే చెప్పేవారు. మెళ్ళో వేసుకునే అట్టముక్క మీద పేరూ ఊరూ ఉండేవి, బడి పేరు ఉండేది కాదు. ఊరు తెలిస్తే చుట్టరికాలు బయటపడతాయి, "మీ ఊళ్ళో మా మావయ్య ఉన్నాడు" అని మాట కలుస్తుంది. బడి పేరు తెలిస్తే ముందే ఒక లెక్క కట్టేసుకుంటారు.

మిగతావాటి సంగతి ఎలా ఉన్నా, భోజనం దగ్గర పట్టుబట్టాలి. ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చుకోనిస్తే మొదటి మధ్యాహ్నమే అంతా పాడవుతుంది. ఒకడి గిన్నెలో వేపుడు, ఇంకొకడి గిన్నెలో పచ్చడి మెతుకులు. మూత తీయడానికి సిగ్గుపడి గోడవైపు తిరిగి తినేవాడు ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడడు. పైగా ఎవరి ఇంటి అన్నం ఎవరు తింటారన్న పాత గొడవ ఎటూ ఉంది. అందుకని అందరికీ ఒకే వంట. నలభై మంది పిల్లలకీ పెద్దలకీ కలిపి పూటకి ఆరు కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, ఒక కూర, మజ్జిగ, రోజు విడిచి రోజు గుడ్డు. వడ్డన వంతుల మీద బ్యాచీలే చెయ్యాలి. ఎంగిలాకులు ఎత్తే వంతు కూడా బ్యాచీదే, అందులో అబ్బాయిలకీ అమ్మాయిలకీ తేడా పెట్టకూడదు. ఈ ఒక్క ఏర్పాటు సడలించిన చోట తరగతులు పేరుకే ఉమ్మడిగా మిగిలేవి.

బ్యాచీకి అయిదుగురు. ఒకే బడివాళ్ళు ఇద్దరికి మించి ఉండకూడదు. ముగ్గురు చేరితే ఒక జట్టవుతారు, మిగతా ఇద్దరూ ప్రేక్షకులైపోతారు. అయిదు అనే లెక్క కూడా తర్వాత చెప్పబోయే కాలవ కొలతల పనిని బట్టే వచ్చింది. తేలే కాయ వదిలేవారొకరు, కింది గీత దగ్గర జెండా ఊపేవారొకరు, స్టాప్‌వాచీ పట్టేవారొకరు, లోతు చదివేవారొకరు, పుస్తకంలో రాసేవారొకరు. రోజూ వంతులు మారాలి. మారకపోతే ఇంగ్లీషు మీడియం పిల్లలు రాతపనికీ, ఊరి బడి పిల్లలు కాలవలో దిగే పనికీ వాళ్ళంతట వాళ్ళే స్థిరపడిపోతారు. పెద్దలకి కూడా అదే తేలికనిపిస్తుంది, అందుకే మరీ జాగ్రత్తగా ఉండాలి. సాయంత్రం అందరి ముందూ లెక్క చెప్పాల్సింది ఆ రోజు పుస్తకం రాసినవాళ్ళు కాదు, మిగతా నలుగురిలో ఒకరు. ఎవరన్నది చీటీ తీస్తే తెలుస్తుంది. దాంతో రాసేవాడు మిగతావాళ్ళకి అర్థమయ్యేలా రాయాలి, మిగతావాళ్ళు పుస్తకంలోకి తొంగి చూడాలి. ఏ ఉపన్యాసంతోనూ రాని చనువు ఆ తొంగిచూడ్డంలో వచ్చేది.

మీడియం తేడా మొదటి మూడు రోజులు బాగా ఇబ్బంది పెట్టేది. ఒకడు కర్ణం అంటే రెండోవాడికి తెలియదు, వాడు హైపోటెన్యూస్ అంటే వీడికి తెలియదు. ఇద్దరికీ లెక్క వచ్చు. త్వరణం, గాఢత, అవక్షేపం, లసాగు అన్నీ ఇంతే. గోడకి నాలుగు చార్టులు అంటించి, రెండు గళ్ళు గీసి, కొత్త మాట వచ్చినప్పుడల్లా రెండు వైపులా రాయించేవాళ్ళం. ఈ చార్టు మాస్టారు ముందే రాసి పెడితే ఎవరూ చూడరు. పిల్లలే రాయాలి, తెలుగు గడిని ఇంగ్లీషు మీడియం పిల్లలూ, ఇంగ్లీషు గడిని తెలుగు మీడియం పిల్లలూ నింపాలి. అక్షరదోషాలు పడతాయి, అవతలివాడే దిద్దుతాడు. 2020 నుంచి మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాలే ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పక్క తెలుగు ఉండేలా వస్తున్నాయి. అది చూసినప్పుడల్లా ఆ చార్టులు గుర్తొస్తాయి.

ఇక కాలవ పని. ఈ తరగతులకి ప్రాణం ఇదే. మేలో కాలవ ఎండిపోయి ఉంటుంది కదా, నీళ్ళు లేని కాలవలో ఏం కొలుస్తారని కొత్తవాళ్ళు అడిగేవారు. నీళ్ళు లేనప్పుడే అడుగు కనిపిస్తుంది. పనిని రెండుగా విడగొట్టేవారు. వేసవిలో కాలవ కోత, అంటే కాలవని అడ్డంగా కోస్తే కనిపించే వెడల్పూ లోతూ, కొలవడం; దసరా సెలవుల్లో అదే చోట నీటి వేగం కొలవడం. రెండూ కలిపితే ఆ కాలవలో సెకనుకి ఎంత నీరు పోతోందో తేలుతుంది.

చోటు ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. కనీసం ముప్పై మీటర్లు వంపు లేకుండా, మధ్యలో తూము గానీ రేవు మెట్లు గానీ లేకుండా ఉండాలి. దగ్గర్లో వంతెన స్తంభం మీదో లాకుల గోడ మీదో రంగుతో గేజి గీతలుంటే మరీ మంచిది, దసరాకి నీటి మట్టం దాని మీదే చదవొచ్చు. గట్టు నుంచి గట్టుకి నైలాను తాడు బిగించి కట్టి, తాపీ మేస్త్రీలు వాడే నీళ్ళ పైపుతో రెండు కొసలూ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో చూడాలి. పైపులో చిన్న గాలిబుడగ ఉన్నా మట్టం తప్పు చూపిస్తుంది. అందుకని ఒక కొస నుంచే మెల్లగా నీళ్ళు నింపి, పైపు పొడవునా వేలితో తట్టుకుంటూ వచ్చి, రెండు కొసలూ పక్కపక్కన పెట్టి ఒకే మట్టం చూపిస్తోందని రూఢి చేసుకున్నాకే వాడాలి. తాడు ఎంత బిగించినా నడుమ కాస్త వేలాడుతుంది, వెడల్పు కాలవైతే నాలుగు వేళ్ళు కూడా దిగుతుంది. నడిమధ్యన కూడా పైపు పెట్టి ఎంత దిగిందో రాసుకుని ఆ మేరకు సరిచేసుకోవాలి. తర్వాత మీటరుకొక చోట తాడు నుంచి అడుగు వరకూ వెదురుగడతో కొలవడం. గడ మీద అయిదేసి సెంటీమీటర్లకి ఎరుపు, తెలుపు రంగు పట్టీలు. అడుగున మెత్తటి ఒండ్రు ఉంటే గడ దిగబడి లోతు ఎక్కువ చూపిస్తుంది, దాని కొసకి కొబ్బరి చిప్ప బోర్లించి కట్టుకోవాలి.

ఇక్కడ పెద్ద చిక్కు పూడిక. కాలవలు కట్టేసేదే మరమ్మతులకి. పిల్లలు కొలిచి వెళ్ళిన వారానికి పూడిక తీస్తే మే నెల లెక్క దసరాకి పనికిరాదు. ముందుగా కాలవ నీళ్ళు చూసే ఇరిగేషన్ మనిషి లస్కరుని అడిగి ఈ ఏడు ఆ మేర పూడికతీత ఉందో లేదో తెలుసుకోవాలి. ఉంటే ఆ పని అయ్యాకే కొలవాలి, లేదా ఇంకో చోటు చూసుకోవాలి. లస్కరుతో మాట్లాడే పని ఎప్పుడూ పిల్లలకే అప్పగించేవారు. "ఆయ్, ఎక్కడి పిల్లలండీ మీరంతా?" అని మొదలుపెట్టి ఆయన గేజి చదవడం, వంతుల పద్ధతి, చేలకి నీళ్ళు తీసుకెళ్ళే ఏ బోదెకి ఎప్పుడు నీళ్ళు వదులుతారన్నదీ చెప్పేవాడు. రైతుల ఇళ్ళ పిల్లలకి ఇవన్నీ తెలుసు, వాళ్ళు అడిగే ప్రశ్నలే వేరు. పట్నం బడి పిల్లలు ఆ మాటలు వింటూ నోట్సు రాసుకునేవారు.

దసరాకి అదే కాలవ నిండుగా ఉంటుంది. ఇరవై మీటర్ల దూరంలో రెండు గీతలు, ప్రతి గీతకీ రెండు గట్ల మీదా కర్రలు పాతి. తేలడానికి ఎండు కొబ్బరికాయ వేస్తే తేలిగ్గా పైకి తేలి గాలికి పక్కకి కొట్టుకుపోతుంది. పచ్చి బొండాం చాలా భాగం మునిగి నీటితోనే పోతుంది, గాలి దాన్నంతగా కదపలేదు. మొదటి గీతకి అయిదు మీటర్లు ఎగువన వదిలితే గీత దగ్గరికి వచ్చేసరికి నీటి వేగం అందుకుంటుంది. గీత మీదే వదిలితే మొదటి సెకన్లు వృథా. నడుమన, కుడివైపు, ఎడమవైపు మూడు చోట్లా కనీసం మూడేసి సార్లు వదలాలి. గట్టుకి తగిలినవీ, గుర్రపుడెక్కలో చిక్కినవీ లెక్కలోంచి తీసెయ్యాలి.

లెక్క ఇలా వేయించేవారు. ఆరు మీటర్ల వెడల్పున్న పిల్లకాలవ అనుకోండి. మీటరుకొకటి చొప్పున లోతులు సున్నా, 0.6, 0.9, 1.0, 0.8, 0.5, సున్నా. మధ్యవన్నీ కూడితే 3.8, మీటరు ఎడం కాబట్టి కోత వైశాల్యం 3.8 చదరపు మీటర్లు. బొండాం ఇరవై మీటర్లు పోవడానికి సగటున 50 సెకన్లు పట్టింది, అంటే సెకనుకి 0.4 మీటరు. అయితే పైనీరు పోయినంత వేగంగా అడుగునీరు పోదు, అడుగునా పక్కలా రాపిడి ఉంటుంది. అందుకని 0.85తో గుణించాలి, 0.34 వస్తుంది. 3.8ని 0.34తో గుణిస్తే సెకనుకి 1.29 ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు 35.3 ఘనపుటడుగులు, సెకనుకి ఒక ఘనపుటడుగు పోతే ఒక క్యూసెక్కు, కాబట్టి సుమారు 45.5 క్యూసెక్కులు. ఈ 0.85ని మరిచిపోయిన బ్యాచీకి 53 పైన వచ్చేది. గుర్రపుడెక్క దట్టంగా ఉన్న చోట కొలిచినవాళ్ళకి చాలా తక్కువ వచ్చేది. ఎవరి అంకె సరైనదని వాదించుకుంటూ, రెండు బ్యాచీల పుస్తకాలూ పక్కపక్కన పెట్టి తప్పు ఎక్కడ పడిందో వాళ్ళే పట్టుకునేవారు. "మీ బడిలో ఇదే నేర్పారా" అన్న మాట ఆ వాదనలో ఒక్కసారి కూడా రాదు. ఆ లెక్క ఏ బడిలోనూ నేర్పలేదు కనక. కొత్త పని పెట్టడంలో కిటుకంతా అదే.

నిండు కాలవ దగ్గర జాగ్రత్త గురించి ఒక మాట చెప్పాలి. దసరాకి ఎవరినీ నీళ్ళలో దిగనివ్వకూడదు, ఈతొచ్చినవాళ్ళని అసలు దిగనివ్వకూడదు, ఎందుకంటే వాళ్ళే దిగుతామంటారు. లోతు గేజి మీద చదవడమే. గట్టు మీద తాడు కట్టిన రబ్బరు ట్యూబు ఒకటి, ఈత తెలిసిన పెద్దవాళ్ళు ఇద్దరు ఉండి తీరాలి.

క్యూసెక్కు అంటే ఏమిటో చేత్తో కొలిచాక ధవళేశ్వరం తీసుకెళ్ళేవారు. తిరగేసి ముందు ధవళేశ్వరం, తర్వాత కాలవ అంటే అది ఉత్త విహారయాత్రే. 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ కట్టించిన ఆనకట్ట చోట ఇప్పుడున్న బ్యారేజీకి నాలుగు భాగాల్లో కలిపి 175 గేట్లు: ధవళేశ్వరం 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. మొదటి ప్రమాద హెచ్చరిక అక్కడ నీటిమట్టం 11.75 అడుగుల దగ్గర, రెండోది 13.75, మూడోది 17.75. మొదటి హెచ్చరిక నాటికే సుమారు పది లక్షల క్యూసెక్కులు సముద్రానికి పోతుంటుంది. వాళ్ళు కొలిచిన పిల్లకాలవలు ఎన్ని కలిస్తే అంతవుతుందో లెక్కేసుకోమంటే ఇరవై రెండు వేలకి దగ్గరవుతుంది. 1986 ఆగస్టు వరదలో అది 35 లక్షలకి చేరింది. ఈ అంకె విని పిల్లలు తమలో తాము ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

ఆ 1986 వరదా, 1996 తుపానూ ఇంకో పనికి వస్తువులు. పెద్దవాళ్ళని అడిగి రాసుకురావడం. ప్రతి బ్యాచీ మూడు ఇళ్ళు, అన్నిచోట్లా అవే అయిదు ప్రశ్నలు: నీరెంత వరకొచ్చింది, ఎన్ని రోజులుంది, ఏం తిన్నారు, ఎక్కడ తలదాచుకున్నారు, తర్వాత మొదట ఏం బాగుచేసుకున్నారు. నీరు నిలిచిన ఎత్తుని గోడ మీద చూపించమని నేల నుంచి టేపుతో కొలవాలి. పెద్దవాళ్ళు వరదనీ తుపాన్నీ, ఏ ఏడు ఏది వచ్చిందన్నదీ కలిపేస్తారు. సంవత్సరం అడిగితే లాభం లేదు, పండగ అడగాలి. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను దీపావళికి నాలుగు రోజుల ముందు. 1986 వరద పంద్రాగస్టు దగ్గర, శ్రావణమాసంలో. పండగ చెబితే ఏడు దానంతటదే తేలుతుంది. మూడిళ్ళలో ఒకటి బ్యాచీలో ఎవరికీ తెలియని పేటలో ఉండాలన్నది నియమం. ఊళ్ళో ఏ పేటకి ఎవరు వెళ్ళరో అందరికీ తెలిసిన విషయమే, ఈ పని పేరుతో వెళ్ళేవారు, మంచినీళ్ళు తాగి వచ్చేవారు.

ఉప్పు పరీక్ష గురించి చెప్పకపోతే రసాయనశాస్త్రం మాస్టార్లు ఊరుకోరు. సముద్రం దగ్గరి ఊళ్ళల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉండటం పిల్లలకి నాలుకతో తెలిసిందే, అంకెతో తెలియజెయ్యాలి. లీటరు స్వేదనజలంలో 2.395 గ్రాముల సిల్వర్ నైట్రేటు కరిగించి గోధుమరంగు సీసాలో పోసి చీకట్లో ఉంచాలి. 50 మిల్లీలీటర్ల నమూనాలో పొటాషియం క్రోమేటు ద్రావణం ఒక మిల్లీలీటరు వేస్తే పసుపచ్చగా అవుతుంది. బ్యూరెట్టు అనే గీతల గాజు గొట్టంలోంచి సిల్వర్ నైట్రేటు చుక్కచుక్కగా వదులుతూ కలుపుతుంటే ముందు తెల్లటి మడ్డి, చివరికి పోకుండా నిలిచే ఇటుకరంగు. అక్కడ ఆపాలి. ఖర్చయిన మిల్లీలీటర్లలోంచి ఉత్త స్వేదనజలానికి ఖర్చయినది తీసేసి పదితో గుణిస్తే లీటరుకి క్లోరైడు మిల్లీగ్రాముల్లో వస్తుంది. 32 పట్టి, ఉత్త నీటికి 0.2 పడితే 318 అన్నమాట. తాగునీటికి 250 వరకూ మంచిది, వేరే దారి లేకపోతే 1000 దాకా ఒప్పుకుంటారు. లీటరు ద్రావణం సుమారు యాభై పరీక్షలకి సరిపోయేది.

తప్పులు ఇక్కడ లెక్కలేనన్ని. కుళాయి నీళ్ళతో ద్రావణం కలిపితే సీసాలోనే తెల్లగా విరిగిపోతుంది. బోరుని అయిదు నిమిషాలు కొట్టకుండా పట్టిన నీరు గొట్టంలో నిల్వున్న నీరే. సీసాని అదే నీటితో మూడుసార్లు కడగకపోతే పాత ఉప్పు మిగులుతుంది. మరీ ఉప్పు నీరైతే బ్యూరెట్టు ఖాళీ అయినా రంగు మారదు, అయిదు మిల్లీలీటర్ల నమూనాకి స్వేదనజలం కలిపి యాభై చేసి, వచ్చిన జవాబుని మళ్ళీ పదితో గుణించుకోవాలి. ఇటుకరంగు ఎక్కడ మొదలైందన్న దానిమీద ప్రతి కంటికీ ఒక అభిప్రాయం, అందుకే పక్కన ఇంకా పసుపుగా ఉన్న ఫ్లాస్కు ఒకటి పోలికకి పెట్టుకోవాలి. సిల్వర్ నైట్రేటు వేళ్ళకి అంటితే నల్లమచ్చ కొన్నాళ్ళు పోదు. క్రోమేటు విషం, దాన్ని పెద్దవాళ్ళే తొడుగులు వేసుకుని వెయ్యాలి, పరీక్షయిన నీటిని మురుగు కాలవలో పారబోయకుండా విడిగా డబ్బాలో పట్టాలి.

ఫార్ములా కంఠతా వచ్చిన పిల్లల్లో బ్యూరెట్టు ముట్టుకోనివాళ్ళు అన్ని రకాల బడుల్లోనూ ఉండేవారు. కొన్ని బడుల్లో ల్యాబు లేక, కొన్ని బడుల్లో ల్యాబు ఉన్నా తాళం తీయక. ఈ విషయంలో అందరూ ఒకే మెట్టు మీద నిలబడటం పరీక్షకి బాగా కలిసొచ్చింది. ఏ బోరు నీళ్ళతో పప్పు ఉడకదో, ఏ నూతి నీళ్ళు టీకి బావుంటాయో ముందే చెప్పే పిల్లల మాట కూడా పుస్తకంలో రాయించి, తర్వాత అంకెతో పోల్చేవారు. గట్టు పక్కన పైపై నుయ్యి తియ్యగా, దానికి కూతవేటులో లోతు బోరు ఉప్పగా ఎందుకుందన్న ప్రశ్న అలాంటి పోలికలోంచే పుట్టేది. మంచినీరు ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి దానిపైన తేలుతూ ఉంటుంది, లోతుకి పోయినకొద్దీ ఉప్పు తగులుతుంది.

నీడ కొలిచే రోజు అన్నిటిలోకీ తక్కువ ఖర్చు. అమలాపురం అక్షాంశానికి మే 6, 7 తేదీల దగ్గర సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మళ్ళీ ఆగస్టు మొదటి వారంలో. సూర్యుడు ఆ రోజుల్లో రోజుకి ముప్పై కిలోమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతుంటాడు కాబట్టి అంతర్వేదిలో ఒకరోజు ముందు, రాజమండ్రిలో ఒకటి రెండు రోజుల తర్వాత నీడ మాయమవుతుంది. దేశపు ప్రామాణిక రేఖాంశం కాకినాడ పక్కనుంచే పోవడంతో ఆ వారంలో మన దగ్గర నడిమధ్యాహ్నం గడియారంలో కూడా పన్నెండు దగ్గరే, నిమిషం అటూ ఇటూగా పడుతుంది.

అంతర్వేదీ రాజమండ్రీ దాదాపు ఒకే రేఖాంశం మీదున్నాయి, అక్షాంశంలో ఎడం 0.67 డిగ్రీ, తిన్నగా ఉత్తర దక్షిణాలు కొలిస్తే 74 కిలోమీటర్లు. రోడ్డు కిలోమీటర్లు వేస్తే లెక్క పోతుంది, మ్యాపు మీద స్కేలు పెట్టాలి. అంతర్వేదిలో నీడ లేని రోజున రాజమండ్రిలో మీటరు కర్ర నీడ కొలిస్తే 1.2 సెంటీమీటర్లు రావాలి, దాన్నుంచి 74 కిలోమీటర్లకి ఎంత కోణమో తెలుస్తుంది, 360 డిగ్రీలకి లెక్కేస్తే భూమి చుట్టుకొలత నలభై వేల కిలోమీటర్లకి దగ్గరగా తేలుతుంది. కానీ నీడ అంచు పదునుగా ఉండదు. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బిళ్ళ, దాంతో మీటరు ఎత్తుకి నీడ అంచు తొమ్మిది మిల్లీమీటర్ల మేర మసకగా ఉంటుంది. 1.0 అని చదివితే చుట్టుకొలత 46 వేలు దాటిపోతుంది, 1.4 అని చదివితే 33 వేలకి పడిపోతుంది. కర్ర కొసకి సన్నటి చిల్లు పొడిచిన అట్టముక్క తగిలిస్తే కింద గుండ్రటి వెలుగుచుక్క పడుతుంది, దాని నడిమి బిందువుని గుర్తుపెడితే పొరపాటు బాగా తగ్గుతుంది. కర్ర నిలువుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి నాలుగు వైపులా చూడాలి. రెండు ఊళ్ళలో రెండు బ్యాచీలు కొలిచి అంకెలు కలుపుకోవాల్సిందే, ఏ ఒక్కరి కొలతా విడిగా దేనికీ పనికిరాదు.

క్విజ్ పోటీలు మొదట్లో పెట్టేవారు, తర్వాత మానేశారు. మానెయ్యడమే మంచిదైంది. బజరు నొక్కడం అలవాటున్న బడి ఒకటి రెండు ఉంటాయి, వాళ్ళే గెలుస్తారు, మిగతావాళ్ళు మూడు రోజుల్లో సంపాదించుకున్న ధైర్యం అరగంటలో పోతుంది. వక్తృత్వం కూడా అంతే. ప్రైజులు పంచే చివరి రోజు కన్నా, పుస్తకాలు మార్చుకుని చదివే చివరి రోజు నయం. కొలతల పుస్తకం ఒకటి బ్యాచీలో ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది, దసరాకి అది తెచ్చే బాధ్యత వాళ్ళది. తేవడం మరిచిపోతారు, లేదా ఆ పిల్ల చుట్టాలింటికి వెళ్ళి ఉంటుంది. అందుకని రెండు నకళ్ళు చేతిరాతతో రాయించి ఒకటి తరగతులు జరిగిన బడి బీరువాలో పెట్టేవారు. బ్యాచీలో అయిదుగురి ఇళ్ళ అడ్రసులూ పుస్తకం మొదటి పేజీలో ఉండేవి, దసరాకి ముందు కార్డు ముక్క రాసుకునేది వాటిని చూసే.

ఇప్పుడు ఇలాంటివి నడపడం కష్టమైపోయింది. పదిలోకి వచ్చే పిల్లలకి ఏప్రిల్లోనే తర్వాతి ఏడాది పాఠాలు మొదలుపెట్టేసే బడులు ఎక్కువయ్యాయి, పది రోజులు వదలమంటే వదలరు. అయినా చెయ్యాలనుకునేవాళ్ళు ఉంటే పది రోజులు అక్కర్లేదు, అయిదు రోజులు చాలు. ధవళేశ్వరం ప్రయాణం, పెద్దవాళ్ళ మాటలు వదిలేసి కాలవ, ఉప్పు, నీడ ఉంచుకోవాలి. నలభై మందికి వెదురుగడలు ఎనిమిది, ముప్పై మీటర్ల టేపులు రెండు, నీళ్ళ పైపు ఇరవై మీటర్లు, నైలాను తాడు, బ్యూరెట్టులు నాలుగు, స్టాప్‌వాచీలకి ఫోన్లే సరిపోతాయి. ఫోన్లు బ్యాచీకి ఒకటి చాలు, అదీ మాస్టారిదైతే మేలు. తేదీలు ఖాయం చేసే ముందు ఇరిగేషన్ సెక్షన్ ఆఫీసుకి వెళ్ళి ఆ ఏడు కాలవలు ఎప్పుడు కట్టేస్తారో, ఎప్పుడు వదులుతారో, పూడికతీత ఎక్కడెక్కడుందో అడగాలి. వేసవి పని మే 5, 8 మధ్య రోజులు కలిసొచ్చేలా పెట్టుకుంటే నీడ కొలత కూడా అందులోనే అయిపోతుంది.